బస్తాకి చోటుంది... మనకే లేదు!

ఫిబ్రవరి వచ్చిందంటే గుంటూరులో మిర్చి యార్డు మీదుగా రమ్మంటే ఆటోవాళ్లు మొహం చిట్లిస్తారు. ఒకవైపు బస్తాల లారీలు, మరోవైపు ట్రాక్టర్లు, గాలి నిండా ఘాటు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నా తుమ్ములు ఆగవు. ఆ రద్దీలోనే మొన్న మా వదిన మా ఇంటికొచ్చింది. మా పెదనాన్నగారి అబ్బాయి భార్య. ఉండేది సత్తెనపల్లిలో. అన్నయ్య మిరపకాయలు కోల్డు స్టోరేజీలో పెట్టడానికి వస్తుంటే, జరీ, పూసలు కొనుక్కుందామని తనూ బయల్దేరింది. మూడేళ్లుగా పెళ్లి బ్లౌజులకి మగ్గం వర్కు చేస్తోంది. సాయానికి ఇద్దరు ఆడపిల్లల్ని కూడా పెట్టుకుంది.

"పని బాగుందా వదినా?" అన్నాను.

"పనికేం, చేతినిండా ఉంది. కూర్చుని కుట్టే చోటే లేదు. ముందు గదిలో మగ్గం వేస్తే మామయ్యగారి మంచానికి అడ్డం. చుట్టాలొస్తే ఎత్తి గోడకి నిలబెట్టాలి. ఎత్తిన ప్రతిసారీ గుడ్డ బిగువు పోయి పని మళ్లీ మొదటికొస్తుంది. మొన్న ఒక పెళ్లికూతురు కొలతలివ్వడానికొచ్చి, హాల్లో మగాళ్లు కూర్చున్నారని గుమ్మంలోంచే వెళ్లిపోయింది" అంది.

సాయంత్రం అన్నయ్య వచ్చాడు. జేబులోంచి రసీదు తీసి జాగ్రత్తగా సంచీలో పెట్టుకుంటూ, "ధర వచ్చేదాకా సరుకుకి ఢోకా లేదమ్మా. అవసరమైతే దీనిమీద బ్యాంకువాళ్లు అప్పు కూడా ఇస్తారు" అన్నాడు.

వదిన నవ్వింది. "చూశావా, బస్తాకి చోటుంది. చోటుందని చెప్పడానికి రసీదుంది. రసీదు మీద అప్పు కూడా పుడుతుంది. నాకే ఏదీ లేదు!"

నవ్వుతూ అన్న మాటే. కానీ నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. నిజమే కదా! ఇంట్లో చిన్న వ్యాపారం చేసుకునే ఆడవాళ్లలో చాలామందికి తెలివితేటల లోటు లేదు, ఓపిక లోటు లేదు. లేనిదల్లా చోటు. ఇంటి బయట, తమదని చెప్పుకోదగ్గ నాలుగడుగుల చోటు.

పంచుకోవడం మనకి కొత్తా?

ఈ మధ్య పట్టణాల్లో "కో వర్కింగ్" అనే మాట వినబడుతోంది. ఒక పెద్ద హాలు. అందులో బల్లలు, కుర్చీలు, కరెంటు, ఇంటర్నెట్, ఒక మీటింగు గది. ఎవరికి వాళ్లు ఆఫీసు అద్దెకి తీసుకోకుండా, నలుగురైదుగురు వేర్వేరు వ్యాపారాల వాళ్లు ఆ హాలునే పంచుకుంటారు. నెలకి, వారానికి, కొన్నిచోట్ల రోజుకి కూడా అద్దె కట్టొచ్చు. పేరు ఇంగ్లీషుదైనా పద్ధతి మన నేలకి కొత్త కాదు.

ఏ రైతూ తన మిర్చి కోసం సొంతంగా కోల్డు స్టోరేజీ కట్టుకోడు. ఏ రైతూ తన పత్తి కోసం జిన్నింగు మిల్లు పెట్టుకోడు. మిర్చి యార్డులో ఒక్కో రైతుకీ ఒక్కో బజారు లేదు. కాటా ఒకటే, ప్లాట్‌ఫారాలు అందరివీ, కొనేవాళ్లు అందరి దగ్గరికీ వస్తారు. రిజిస్ట్రారు ఆఫీసు ముందు చూడండి. ఒకే వరండాలో అరడజను మంది డాక్యుమెంటు రైటర్లు. కోర్టు దగ్గర ఒకే గదిలో నలుగురు ప్లీడర్లు, గోడకి నాలుగు బోర్డులు. మగవాళ్ల వ్యాపారమంతా మొదటినుంచీ ఉమ్మడి చోట్లలోనే పెరిగింది. అదేదో గొప్ప ఆదర్శమని కాదు, ఖర్చు కలిసొస్తుందని.

మరి ఆడవాళ్లో? మిర్చి తొడిమలు తీసేది మనం, పత్తి ఏరేది మనం. ఆ ఉమ్మడి చోట్లలో మనం కూలి మనుషులం. సొంత వ్యాపారం మొదలుపెట్టేసరికి మాత్రం ఎవరి వంటింట్లో వాళ్లం, ఎవరి వసారాలో వాళ్లం. ఒకే వీధిలో పచ్చళ్లు పెట్టే ముగ్గురుంటారు. ముగ్గురూ విడివిడిగా జాడీలు కొంటారు, విడివిడిగా సీళ్లు వేసే మిషను కొంటారు. ఒకరి కష్టం ఇంకొకరికి తెలియదు.

లిజ్జత్ అప్పడాల కథ మీకు తెలిసే ఉంటుంది. 1959 మార్చి 15న ముంబైలో గిర్‌గాంలోని ఒక మేడమీద ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయల అప్పుతో మొదలుపెట్టారు. అప్పడాలు వత్తేది ఎవరిళ్లలో వాళ్లే. కానీ పిండి కలిపేది ఉమ్మడి కేంద్రంలో. తయారైన అప్పడం రుచి, కొలత చూసి తీసుకునేదీ అక్కడే. ఆ కేంద్రమే లేకపోతే వాళ్లు ఏడుగురు అప్పడాలమ్మే ఆడవాళ్లుగానే మిగిలిపోయేవారు.

ఇక కో వర్కింగ్ అనే పేరు ప్రచారంలోకి వచ్చింది అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో. 2005 ఆగస్టులో బ్రాడ్ న్యూబెర్గ్ అనే కంప్యూటరు ఉద్యోగి, ఆడవాళ్లు కలిసి నడుపుకునే ఒక ఇంట్లో వారానికి రెండు రోజులు చోటు తీసుకుని బల్లలు వేశాడు. మొదటి నెల ఒక్కరూ రాలేదట! అయినా వదల్లేదు. ఉద్యోగంలో ఉండే తోడూ సొంత పనిలో ఉండే స్వేచ్ఛా రెండూ ఒక్కచోట దొరకాలన్నది ఆయన ఆలోచన. తరవాత అది ప్రపంచమంతా పాకింది.

ఏం ఒరుగుతుంది?

ముందు డబ్బు లెక్క చూద్దాం. బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో ఒక గది అద్దె నెలకి 8,000 అనుకుందాం. దానికి అడ్వాన్సు, కరెంటు, ఇంటర్నెట్, ఫ్యాను, బల్ల, కుర్చీలు. వ్యాపారం నిలబడుతుందో లేదో తెలియకముందే చేతిలో ఉన్నదంతా గోడలకే పోతుంది. అదే గదిని నలుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి 2,000. పని లేని నెలలో మానుకోవచ్చు. మనవి మూఢాల్లో పడిపోయి పెళ్లిళ్లలో లేచే వ్యాపారాలు. పన్నెండు నెలలూ ఒకే అద్దె కట్టలేం.

రెండోది చిరునామా. ఇది చాలామంది ఆలోచించని విషయం. మా వీధిలో ఒకమ్మాయి మంగళగిరి, చీరాల చీరలు ఫోనులో చూపించి అమ్ముతుంది. ఆన్‌లైన్ కంపెనీల ద్వారా ఇతర రాష్ట్రాలకి కూడా అమ్ముదామనుకుంది. అలా రాష్ట్రం దాటి సరుకు అమ్మాలంటే, వ్యాపారం ఎంత చిన్నదైనా సాధారణంగా జి.ఎస్.టి. నంబరు తీసుకోవాలి. దానికి వ్యాపారం చేసే చోటు చూపించాలి. అద్దె ఇల్లయితే అద్దె అగ్రిమెంటో, ఇంటివారి సమ్మతి పత్రమో, కరెంటు బిల్లో ఉండాలి. నంబరు వచ్చాక ఆ నంబరుతో గుమ్మం దగ్గర బోర్డు పెట్టాలి. ఇంటి ఓనరుగారు, "బోర్డులూ గీర్డులూ కుదరదమ్మా, రేపు నా ఇంటిని కమర్షియల్ అంటారు" అని తేల్చేశారు. ఆ పిల్ల వ్యాపారం ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

సొంతిల్లయినా ఇంకో చిక్కుంది. ఆ నంబరు కొట్టి చూస్తే వ్యాపారం చిరునామా ఎవరికైనా కనబడుతుంది. పచ్చళ్లు, పొడులు అమ్మేవాళ్లయితే ప్యాకెట్టు మీద తయారీదారు పూర్తి చిరునామా అచ్చు వేయాల్సిందే. కొనేవాళ్ల క్షేమం కోసం పెట్టిన మంచి నిబంధనే అది. కానీ మధ్యాహ్నం పూట ఒంటరిగా ఉండే ఆడమనిషి ఇంటి నంబరు ఊరూరా ప్యాకెట్ల మీద తిరుగుతుంటుంది. నలుగురూ పనిచేసే చోటు చిరునామా అయితే ఆ భయం ఉండదు.

మూడోది సమయం. కేంద్రప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ఒక లెక్క చెప్పింది. జీతం లేని ఇంటి పనిలో పాలుపంచుకునే ఆడవాళ్లు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్లలో ఆ పని చేసేవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. మనది దగ్గర దగ్గర అయిదు గంటలు, వాళ్లది గంటన్నర! ఇంట్లోనే వ్యాపారం పెట్టుకుంటే ఆ అయిదు గంటలకీ అంచంటూ ఉండదు. "ఇంట్లోనే ఉందిగా" అన్న ఒక్క మాటతో గ్యాసు బండ తీసుకునేది మనం, కొరియరు తీసుకునేది మనం, పక్కింటివాళ్ల తాళంచెవులు దాచేది మనం. సూది గుచ్చిన చోటే వదిలేసి లేచిన ప్రతిసారీ పది నిమిషాలు పోతాయి. "పనికి వెళ్లొస్తాను" అనే మాట ఉంది చూశారూ, అది ఇంట్లో కూర్చుని అనలేం. గడప దాటితేనే ఆ మాటకి విలువ.

నాలుగోది తోడు. పక్క బల్ల దగ్గర లెక్కలు రాసే అమ్మాయి ఉంటే రిటర్ను ఎప్పుడు వెయ్యాలో చెబుతుంది. ఎదురుగా ఫోటోలు తీసే అమ్మాయి ఉంటే మీ చీర బాగా కనబడుతుంది. ధర విషయంలో మొహమాటపడే మనకి, "అంత తక్కువకి ఇవ్వకక్కా" అని చెప్పే మనిషి ఒకరు పక్కనుండడం చిన్న లాభం కాదు.

సర్కారు ఏం చేస్తోంది?

ఆడవాళ్ల వ్యాపారాలకి ఉమ్మడి చోటు కావాలన్న ఆలోచన తెలుగునాట ముప్పై ఏళ్ల నాటిది. 1993లో ఏర్పడిన మహిళా పారిశ్రామికవేత్తల సంఘం ఎలీప్, కన్నెగంటి రమాదేవి నాయకత్వంలో హైదరాబాద్ శివారు గాజులరామారంలో మహిళల కోసం పారిశ్రామికవాడ తెచ్చింది. తరవాత విజయవాడ దగ్గర సూరంపల్లిలోనూ ఒకటి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2018 మార్చిలో ప్రత్యేకంగా మహిళా వ్యాపారుల కోసం హైదరాబాద్‌లో వి-హబ్ ప్రారంభించింది.

మన రాష్ట్రంలోనూ ఈ మధ్య కదలిక వచ్చింది. ఐ.టి., జి.సి.సి. విధానం 4.0 కింద కో వర్కింగ్ కేంద్రాలకీ, ఇళ్లకి దగ్గరలో ఉండే పని కేంద్రాలకీ ప్రోత్సాహకాలిస్తామన్నారు. నగరాల్లోనే కాదు, పట్టణాల్లో, మండలాల్లో కూడా ఆఫీసు చోటు ఉండాలన్నది ఉద్దేశమని ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఆ ప్రకటనలో మహిళల పేరు ప్రత్యేకంగా చెప్పారు కూడా. 2025 ఆగస్టు 20న మంగళగిరి మయూరి టెక్ పార్కులో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు. 2025 నవంబరు 11న కనిగిరి ప్రాంతంలోని పెద ఈర్లపాడు నుంచి, చిన్న పరిశ్రమల కోసం రాష్ట్రంలో పలుచోట్ల ఎం.ఎస్.ఎం.ఇ. పార్కులు ప్రారంభించారు. ఆహార తయారీ చిన్న సంస్థల కోసం 2020లో మొదలైన కేంద్ర పథకంలో ఉమ్మడి యంత్రాలకీ, ఉమ్మడి కేంద్రాలకీ సాయం చోటుచేసుకుంది. 2025 ఆగస్టు 15న వచ్చిన స్త్రీ శక్తి పథకంతో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆడవాళ్లకి టిక్కెట్టు లేదు. తెనాలి నుంచో నరసరావుపేట నుంచో రోజూ గుంటూరొచ్చి పనిచేసుకోవడానికి దారి ఖర్చు తగ్గిందన్నమాట.

ఇవన్నీ మెచ్చుకోవలసినవే. అయితే బ్లౌజు కుట్టేముందు కొలతలు తీసుకోవాలి కదా! ఈ కేంద్రాలు ఎవరి కొలతలకి కుడుతున్నారన్నదే నా సందేహం.

కొలతలు ఎవరివి?

కో వర్కింగ్ కేంద్రం అనగానే అందరి కళ్లముందూ కనబడేది ల్యాప్‌టాపు పెట్టుకున్న కుర్రాడు. సాఫ్ట్‌వేరు అమ్మాయిలకీ, ట్యాక్సు లెక్కలు రాసేవాళ్లకీ, ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేవాళ్లకీ ఆ బల్ల సరిపోతుంది. మరి మా వదిన మగ్గానికి? కుట్టు మిషన్ల చప్పుడుకి? ఆవకాయ ఘాటుకి? చలువ అద్దాల గదిలో మిరపపొడి జల్లెడ పడితే పక్కవాళ్లు ఊరుకుంటారా? పైగా ఆహార లైసెన్సు అసలు తయారుచేసే చోటుకే ఇస్తారు. ఆఫీసు బల్ల చూపించి, ఇంట్లో వండుతామంటే కుదరదు. కాబట్టి మన మైదానాలకి కావలసింది బల్లలొక్కటే కాదు. ఉమ్మడి వంటశాల, ఉమ్మడి కుట్టు హాలు, సరుకు దాచుకునే తాళం బీరువాలు, ప్యాకింగు గది, కొలతలు తీసుకోవడానికి తెర వేసిన మూల.

ఇంకో చిక్కు చట్టంలోనే ఉంది. 50 మందీ అంతకన్నా ఎక్కువమందీ పనిచేసే సంస్థ పసిపిల్లల్ని చూసే కేంద్రం పెట్టాలన్న నియమం 2017లో వచ్చింది. లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ప్రకారం 10 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది ఉన్న సంస్థలో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. బాగానే ఉంది. కానీ ఉమ్మడి హాలులో 60 మంది కూర్చున్నా, అది ఒక సంస్థ కాదు. ఇద్దరు ముగ్గురుండే ఇరవై పాతిక సంస్థలు. విడివిడిగా లెక్కేస్తే ఎవరిమీదా ఆ బాధ్యత పడదు! ఫిర్యాదుంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. అలాంటి కమిటీ ఒకటుందని ఎంతమందికి తెలుసు? ప్రభుత్వం ప్రోత్సాహకం ఇచ్చే కేంద్రాలకైనా హాలు మొత్తాన్ని ఒక్కటిగా లెక్కగట్టి, పిల్లల గదీ, ఫిర్యాదుల కమిటీ తప్పనిసరి చేయాలి. అద్దాల గోడలకన్నా ముందు అవి కావాలి.

చేరేముందు అడగండి

ప్రైవేటు కేంద్రంలో చేరాలనుకుంటే మొహమాటం వద్దు. అడ్వాన్సు ఎంత, మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారు, కనీసం ఎన్ని నెలలుండాలి అన్నవి కాగితం మీద రాయించుకోండి. చెప్పిన అద్దెలో 18 శాతం జి.ఎస్.టి. కలిసి ఉందా, దానిమీద అదనమా అడగండి. చిరునామా వాడుకోవడానికి అగ్రిమెంటు ఇస్తారా, బోర్డు పెట్టనిస్తారా, ఆఫీసర్లు తనిఖీకొస్తే ఎవరు చూపిస్తారు కనుక్కోండి. బాత్‌రూము శుభ్రంగా ఉందో లేదో మీ కళ్లతో చూడండి. సాయంత్రం ఎన్నింటికి తాళం వేస్తారు, బస్టాపు ఎంత దూరం, మెట్ల మీద లైటుందా... ఇవన్నీ అద్దెతో సమానమైన విషయాలే.

ఇంకొక్క మాట. బయటికెళ్లి పనిచేసినంత మాత్రాన ఇంట్లో అయిదు గంటల పని మాయమైపోదు. తిరిగొచ్చాక మనకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ గంటల్లో వాటా పంచుకోవడానికి ఇంట్లోవాళ్లు ముందుకి రాకపోతే, ఉమ్మడి బల్ల మనకి రెండో బరువవుతుందే తప్ప ఆసరా కాదు. ఆఫీసు పంచుకోవడం కన్నా ముందు అంట్లు పంచుకోవాలేమో!

ఎవరో కట్టేదాకా ఆగాలా?

అక్కర్లేదు. ఉమ్మడి చోటు అంటే అయిదంతస్తుల మేడే కానక్కర్లేదు. నమ్మకమున్న నలుగురు కలిసి ఒక గది తీసుకున్నా అదే. ఎవరు ఏ వేళల్లో వాడుకుంటారు, అద్దె ఏ తేదీకి ఇవ్వాలి, ఒకరు మానేస్తే ఏం చేయాలి అన్నవి మొదటిరోజే రాసుకోవాలి. స్నేహం చెడకుండా ఉండాలంటే లెక్క గట్టిగా ఉండాలి. డ్వాక్రా సంఘాల పుణ్యమా అని పొదుపు పుస్తకాలు రాయడం మనకి అలవాటే. ఆ పథకం వచ్చింది 1982లో. ఇన్నేళ్లుగా పైసా తేడా రాకుండా డబ్బు పంచుకోవడం నేర్చుకున్నవాళ్లం, చోటు పంచుకోలేమా?

చాలా మండలాల్లో మహిళా సమాఖ్యలకి భవనాలున్నాయి. మీటింగు జరిగే రోజుల్లో తప్ప తాళం వేసే ఉండేవెన్నో. వాటిలో ఒక హాలు మగ్గాలకీ మిషన్లకీ రోజు అద్దెకి ఇమ్మని సంఘం మీటింగులో అడగొచ్చు. తీర్మానం రాయించొచ్చు. కోట్ల ప్రాజెక్టు కాదది. తాళంచెవి తిప్పితే చాలు.

వదిన వెళ్లేటప్పుడు ఈ మాటే చెప్పాను. కాసేపు ఆలోచించి, "మా బజారులోనే ఇద్దరు టైలర్లున్నారు వదినా, మెహందీ పెట్టే పిల్ల ఒకతుంది. అడిగి చూస్తాను. మీ అన్నయ్య ఏమంటాడో?" అంది.

అన్నయ్య చెప్పులేసుకుంటూ విన్నాడు. "బస్తాలకి కోల్డు స్టోరేజీలో కిరాయి కట్టట్లా? అట్టాగే ఇదీను. కాకపోతే నాలుగింటికల్లా పిల్లలొస్తారు, ఎవరు చూస్తారు మరి?" అన్నాడు.

వదిన ఆయన వంకే చూస్తూ నిలబడింది. జవాబు తను చెప్పలేదు. ఈసారి చెప్పవలసింది తను కాదు కదా, ఏమంటారు?